వలదను హక్కు

కవాడిగూడ సందులలో ప్రతిదినము వేకువజామున పాలు వేయువారును, పత్రికలు వేయు బాలురును ఇంటింటికి తిరుగుచుందురు. గృహస్థు గడపలో నిలిచి "రేపటినుంచి వద్దు బాబూ" అని యొక్కమాట చెప్పినచో మఱునాడు ఆ యింటిముందు సైకిలు ఆగదు. ఎందువలన వలదని యా బాలుడు నిలదీయడు. వ్రాతమూలకముగా తెలుపుమని కోరడు. ఈ యాజ్ఞ అమలు జరుగుటకు పదిదినములు పట్టునని చెప్పడు. లెక్క చూచి, తనకు రావలసిన పైకము తీసికొని, నమస్కరించి పోవును. ఆఱునెలలకు మనసు మాఱి మరల పిలిచినచో సంతోషముతో వచ్చును. ఇది యెవరును శాసనముగా వ్రాయకయే మన వీధులలో నిలిచియున్న వర్తకమర్యాద.

ఈ మర్యాద మన చేతిలోని ఫోనునకు మాత్రము వర్తించుట లేదు. ఆ గృహస్థే యెన్నడో ఒక దుకాణములో చొక్కా కొని, బిల్లుకొఱకని యడిగినప్పుడు తన ఈ-మెయిలు చిరునామా చెప్పియుండును. నేటికిని పండుగ పండుగకు తగ్గింపు ధరల జాబులు అతనికి వచ్చుచునే యున్నవి. అప్పు కావలెనా యని కొందఱు, ఇంటిస్థలము కావలెనా యని కొందఱు, కుమారునకు కాలేజీలో సీటు కావలెనా యని మఱికొందఱు వ్రాయుచునే యున్నారు. వలదనుటకు దారి యెక్కడ నున్నదో వెదకినను కనబడదు, కనబడినను పనిచేయదు, పనిచేసినను పక్షము తిరుగకముందే అదే వర్తకము మఱియొక పేరుతో గడప త్రొక్కును. ఇది చిన్న విసుగే గదా యని త్రోసివేయువారు కలరు. ఇది చిన్నవిషయము కాదని మా యభిప్రాయము.

ఈ బాధ యెంతటిదో తెలిసికొనగోరువారు ఇందిరాపార్కు దాటి అశోకనగరమునకు పోయి చూడవలెను. తెలంగాణములోని నానాజిల్లాలనుండి వచ్చిన యువతీయువకులు గ్రూపు పరీక్షలకును, సివిల్ సర్వీసు పరీక్షలకును సిద్ధపడుచు, ఇఱుకు గదులలో నలుగురైదుగురు కలిసి కాపురముండి, చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయములో ఉదయము మొదలు ప్రొద్దుపోవువఱకు చదువుకొనుచుందురు. వీధికి ఇరువైపుల శిక్షణసంస్థల పలకలు వ్రేలాడుచుండును. ఒకనాటి పాఠము ఉచితముగా వినవచ్చునని పిలుతురు. లోనికి పోకముందే ఒక కాగితమిచ్చి పేరు, ఫోను సంఖ్య, ఈ-మెయిలు వ్రాయుమందురు. ఆ కాగితము దేనికొఱకో, ఎవరెవరి చేతులు మాఱునో, వ్రాసినవానికి తెలియదు. సాయంకాలమునకే ఆ సంస్థనుండి జాబు వచ్చును. అందు తప్పు లేదు. వారము గడవకముందే, అతడెన్నడును కాలుపెట్టని మఱి రెండు సంస్థలును, ఒక వసతిగృహమును, ఒక పుస్తకముల అంగడియు వ్రాయ మొదలిడును. అదియే తప్పు.

ఉద్యోగార్థికి ఈ-మెయిలు పెట్టె వినోదవస్తువు కాదు. పరీక్షకు ప్రవేశపత్రము, ధ్రువపత్రముల పరిశీలన తేదీ, మౌఖికపరీక్షకు పిలుపు - ఇట్టి సమాచారమునకు అతడు ఆ పెట్టెవంకను, ఆ ఫోనువంకను చూచుచుండును. అంగడివారు ఈ సంగతి చక్కగా నెఱుగుదురు. కనుకనే "నేడే తుదిగడువు" అనియు, "మీ దరఖాస్తు విషయము" అనియు తమ జాబులకు శీర్షికలు పెట్టుట నేర్చినారు. ప్రభుత్వము విధించిన నిజమైన గడువునకును, వర్తకుడు కల్పించిన గడువునకును భేదము తెలియకుండ పోయినది. పది కల్పితపు గడువులను చూచి విసిగినవాడు పదునొకండవదియగు నిజమైన దానిని గూడ చూడక తుడిచివేయుట వింత కాదు. అట్లు తుడిచివేసినవాని నష్టము ఒక జాబు కాదు. తల్లిదండ్రులు అప్పుచేసి పంపిన పైకముతో చదివిన ఒక సంవత్సరము.

మఱియొక రకపు బాధితుడు కూడ కలడు. రెండుమూడు పర్యాయములు పరీక్ష వ్రాసి, ఫలింపక, గది ఖాళీచేసి, పుస్తకములు పాతపుస్తకముల వానికి అమ్మి, స్వగ్రామమునకు తిరిగిపోయినవాడు. ఆ యధ్యాయము ముగిసినదని తన మనసునకు తాను చెప్పుకొనుచుండగా, "ఈసారి ఉద్యోగము మీదే" అను జాబు ప్రతి సోమవారమును అతనిని వెన్నాడుచుండును. అతనికి ఆ సంస్థమీద కోపము లేకపోవచ్చును. తనను మఱచిపొండని మాత్రము కోరుచున్నాడు. ఆ కోరికను చెప్పుకొనుటకు చోటు లేదు.

ఉత్తరము వ్రాయువాడే దాని వ్యయమును భరించుట తపాలాధర్మము. బిళ్ల అంటింపక పంపిన ఉత్తరమును మనవారు బేరింగు అందురు. దానిని అందుకొనువాడు రావలసిన రుసుమునకు రెట్టింపు చెల్లింపవలెను. ఐనను, అతనికి ఒక రక్షణ కలదు. నాకు వలదన్నచో తపాలా బంట్రోతు మాఱు పలుకక దానిని వెనుకకు తీసికొనిపోవును. వర్తకుడు పంపు ఈ-మెయిలు నిజమునకు బేరింగు జాబే. పదివేలమందికి పంపినను అతనికగు ఖర్చు అత్యల్పము. దానిని చూచుటకును, తుడుచుటకును, దాని క్రింద పడిపోయిన పనికివచ్చు జాబును వెదకి తీయుటకును పట్టు కాలమంతయు పుచ్చుకొనువానిది. బేరింగు జాబునకున్న తిరస్కారహక్కు దీనికి లేకపోవుటయే మా యాక్షేపణ.

ఈ వ్యాధి నేడు పుట్టినది కాదు. 1978 మే నెలలో అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అను కంప్యూటరుల సంస్థలో పనిచేయుచుండిన గేరీ థ్యూర్క్ అను నతడు, నేటి ఇంటర్‌నెట్టునకు పూర్వరూపమైన ఆర్పానెట్టునందు సుమారు నాలుగువందలమందికి ఒకేమాఱు ప్రకటనజాబు పంపెను. అందుకొన్నవారు ఆనాడే ఆగ్రహించిరి. ఆ వ్యవస్థను నడుపుచుండిన అధికారులు మందలించిరి. పిదప ఇట్టి జాబులకు స్పామ్ అను పేరు వచ్చినది. అది 1937లో అమెరికాలో వెలువడిన డబ్బామాంసపు పేరు. హోటలులో ఏ పదార్థమడిగినను అదియే వచ్చుచున్నట్లు 1970లో బ్రిటిషు టెలివిజనులో ఒక హాస్యనాటిక ప్రదర్శితమైనది. కోరినను కోరకున్నను వచ్చిపడునది కనుక ఈ జాబులకు ఆ పేరు తగిలినది. ఆనాటి నాలుగువందలు నేడు కోట్లైనవి. పుచ్చుకొనువాని ఆగ్రహము మాత్రము మాఱలేదు.

ప్రభుత్వములు చేయజాలని పనిని జాబులు చేరవేయు సంస్థలే కొంతవఱకు చేయ మొదలిడినవి. గూగుల్, యాహూ సంస్థలు 2023 అక్టోబరులో క్రొత్త నియమములను ప్రకటించి 2024 ఫిబ్రవరినుండి అమలున పెట్టినవి. జీమెయిలు చిరునామాలకు దినమునకు ఐదువేలకు మించి జాబులు పంపువారికి గూగుల్ మూడు షరతులు విధించినది. మొదటిది, పంపుచున్నది తామేయని సాంకేతికముగా రుజువు చూపవలెను. రెండవది, ప్రచారజాబులలో ఒక్క మీట నొక్కినంతనే పట్టికనుండి పేరు తొలగు వీలుండవలెను. ఆ కోరికను రెండు దినములలో నెఱవేర్పవలెను. మూడవది, "ఇది స్పామ్" అను ఫిర్యాదులు వేయి జాబులకు ఒకటికి లోబడి యుండునట్లు చూచుకొనవలెను. వేయింటికి మూడు ఎన్నడును కానీయరాదు. మైక్రోసాఫ్టు సంస్థయు 2025 మే నెలనుండి ఇట్టి పెద్ద పంపకందారులు తమ గుర్తింపును రుజువు చేయవలెనని నియమించినది.

వేయింటికి మూడు అను నీ లెక్కను మన వర్తకులు శ్రద్ధతో గ్రహింపవలెను. ఒక శిక్షణసంస్థ ఒకనాడు ఆఱువేల జీమెయిలు చిరునామాలకు జాబు పంపినదనియు, అవి యన్నియు పెట్టెలకు చేరినవనియు అనుకొందము. ఆఱుగురు ఫిర్యాదు మీట నొక్కినచో వేయింటికి ఒకటి. పదునెనిమిదిమంది నొక్కినచో వేయింటికి మూడు. పదునెనిమిదిమంది యనగా గ్రంథాలయములో రెండు బల్లలచుట్టు కూర్చుండువారు. ఆ రెండు బల్లలవారు విసిగినచో తక్కిన 5,982 మందికి పంపు జాబులు, కోరి చేరినవారికి పంపునవి సైతము, చెత్తబుట్టపాలగు ప్రమాదము కలదు. ఎక్కువ జాబులు పంపి ఫిర్యాదుల పాలు తగ్గింతమనుకొనుటయు భ్రమయే. జీమెయిలు లెక్కించునది పెట్టెకు చేరిన జాబులపైననే. ముందే చెత్తబుట్టలో పడినవి ఆ లెక్కలోనికి రావు.

ఇచ్చట మన వర్తకులు తెలిసికొనవలసిన ముఖ్యవిషయ మొకటి కలదు. సెలవు తీసికొనువాడు వేఱు. ఫిర్యాదు చేయువాడు వేఱు. మొదటివాడు గడపయొద్ద నిలిచి, పోయివత్తునని చెప్పి పోవును. అతడెవరో వర్తకునకు తెలియును. పట్టికలో ఆ పేరు కొట్టివేయవచ్చును. రేపు అవసరము కలిగినచో అతడు మరల వచ్చును. రెండవవాడు మాటాడక మీట నొక్కును. నొక్కిన దెవరో జీమెయిలు చెప్పదు. మొత్తముమీద ఫిర్యాదుల పాలు ఎంతయో మాత్రమే చూపును. పేరు తెలియదు గనుక వర్తకుడు దానిని తీసివేయలేడు. తీసివేయలేడు గనుక మరల పంపును. మరల పంపినకొలది కోపము పెరుగును. మొదటివానిని రెండవవానిగా మార్చుచున్నది మఱెవరో కాదు. బయటికి పోవు తలుపును మూసిన వర్తకుడే.

ఇట్లుండగా అనేక సంస్థలలో జరుగుచున్నదేమి? నెలాఖరున లెక్క చూచి, ఇంతమంది పట్టికనుండి వెడలిపోయిరని యజమాని గుమాస్తాను గద్దించును. గుమాస్తా పై నెలలో వీడ్కోలు తలుపును చిన్నది చేయును. వెలిసిన రంగులో, సూదిమొనవంటి అక్షరములలో, జాబు అట్టడుగున దానిని దాచును. దానిని వెదకి నొక్కినవానిని సంకేతపదము చెప్పి లోనికి రమ్మనును. ఆ సంకేతపదమును అతడు రెండేండ్ల క్రిందటనే మఱచిపోయియుండును. ఎట్లో లోనికి పోయినచో, ఏడు పట్టికలు చూపి దేనినుండి పోవుదువని యడుగును. తుదకు "మంచి అవకాశము నాకు వలదు" అని వ్రాసియున్న మీటను నొక్కించును. వెడలిపోయినవారి సంఖ్య తగ్గును, యజమాని సంతోషించును. కన్నులు మూసికొని పాలు త్రాగు పిల్లి తన్నెవరును చూచుట లేదనుకొనుట యిట్టిదే. వెడలిపోయినవారి సంఖ్య తగ్గినచోట ఫిర్యాదుల సంఖ్య పెరుగుచుండును.

ఈ పన్నాగములకు మన దేశములో గూడ నిషేధము కలదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికారసంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకసూత్రములను ప్రకటించి, ఇంటర్‌నెట్టు వర్తకములో వాడుకలోనున్న పదుమూడు మోసపు పోకడలను పేర్కొన్నది. చందానుండి బయటపడనీయక చిక్కించుకొనుట, విడువక వేధించుట, వలదన్నవానిని సిగ్గుపఱచి లోబఱచుకొనుట వానిలో చేరియున్నవి. శాసనము కాగితముమీద కలదు. అంగడిలో మాత్రము తలుపు ఇంకను వెలిసిన రంగులోనే యున్నది.

పేరు ఒక చేతినుండి మఱియొక చేతికి పోవుట యెంతదూరము పోగలదో మన నగరమే లోకమునకు చూపినది. 2023 మార్చిలో సైబరాబాదు పోలీసులు ఒక ముఠాను పట్టుకొని, వారియొద్ద 16 కోట్ల 80 లక్షల మంది వివరములు అమ్మకమునకు సిద్ధముగా నున్నవని ప్రకటించిరి. దిగ్భ్రమ తీరకముందే, ఏప్రిలు మొదటి దినములలో మఱియొకని పట్టుకొని, అతనియొద్ద 24 రాష్ట్రములకును 8 మహానగరములకును చెందిన 66 కోట్ల 90 లక్షల మంది, సంస్థల వివరములు దొరకినవని చెప్పిరి. విద్యార్థులు, ప్రభుత్వోద్యోగులు, రక్షణదళములవారు - అందఱి పేర్లును ఆ రాసులలో నుండెను. మనుష్యుల పేర్లు ధాన్యమువలె రాసిపోసి అమ్ముడుపోవుచుండగా, వలదని యెవరితో చెప్పవలెను? కొన్నవాడు ఒకడు, అమ్మినవాడు మఱియొకడు, మొదట కాగితము వ్రాయించుకొన్నవాడు ఇంకొకడు. కావున పట్టికను కొని జాబులు పంపు వర్తకుడు తాను నేరమేమియు చేయలేదనుట చెల్లదు. దొంగసొమ్ము కొన్నవానికి దొంగతనములో భాగము లేదని మన పెద్దలెన్నడును చెప్పలేదు.

ఫోనుల విషయములో ప్రభుత్వము కొంత పని చేసిన మాట సత్యము. ట్రాయ్ అను టెలికాం నియంత్రణసంస్థ 2010లో ఒకమాఱు, 2018లో మఱియొకమాఱు నిబంధనావళిని రచించి, వలదన్నవారి పట్టికను ఏర్పఱచి, 1909 సంఖ్యకు మొఱపెట్టుకొను వీలు కల్పించినది. 2025 ఫిబ్రవరి సవరణలో ఫిర్యాదు చేయు గడువును మూడు దినములనుండి ఏడు దినములకు పెంచినది. నమోదుకాని ప్రచారకులపై చర్య తీసికొను గడువును ముప్పదినుండి ఐదు దినములకు తగ్గించినది. పూర్వము ఏడుదినములలో పది ఫిర్యాదులు చేరినగాని కదలనిది, ఇపుడు పదిదినములలో ఐదు చాలునన్నది. ప్రచార సందేశములలో వలదనుటకు వీలు ఉండి తీరవలెననియు, ఒక్కమాఱు వలదన్నవానిని తొంబది దినములవఱకు మరల సమ్మతి యడుగరాదనియు విధించినది. మొండివారు ఇంకను సాధారణసంఖ్యలనుండి పిలుచుచునే యున్నారు. ఐనను పౌరునకు పట్టుకొనుటకు ఒక కొస దొరకినది.

ఈ-మెయిలు విషయములో ఆ కొసయు లేదు. ట్రాయ్ నిబంధనలు ఫోను పిలుపులకును, సందేశములకునే గాని ఈ-మెయిలునకు వర్తింపవు. సమాచార సాంకేతిక చట్టములోని 66ఏ విభాగమున, విసుగు కలిగించు ఈ-మెయిళ్లను, పంపినవాని ఆనవాలు దాచు ఈ-మెయిళ్లను శిక్షించు అంశ మొకటి యుండెను. వాక్స్వాతంత్ర్యమునకు భంగకరమైన ఆ విభాగమును 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ వ్యాజ్యములో సుప్రీముకోర్టు పూర్తిగా కొట్టివేసినది. అది సరియైన తీర్పు. పౌరుని నోరు నొక్కు శాసనము కొఱకు పత్రికలు కన్నీరు కార్చవు. కాని పౌరుడు తన మనసులోని మాట చెప్పుట యొకటి. అంగడివాడు వలదన్నను వినక ప్రతిదినము వచ్చుట మఱియొకటి. ఈ రెండవదానిని వేఱుపఱచి దానికి ప్రత్యేకశాసనము చేయవలసియుండెను. అట్లు చేయకయే సంవత్సరములు గడచినవి.

ఇతరదేశములు నిద్రించలేదు. అమెరికా 2003లోనే చట్టము చేసినది. అచ్చట అడుగకయే ప్రచారజాబు పంపవచ్చునుగాని, వలదన్న పదిపనిదినములలో మానవలెను; పంపువాని తపాలా చిరునామా జాబులో నుండవలెను. ఐరోపా దేశములు సాధారణముగా ముందు సమ్మతి పొందిన పిమ్మటనే పంపవలెనన్నవి. కెనడా 2014లో అమలున పెట్టిన చట్టమును అదే మార్గమున నడచినది. మార్గములు వేఱైనను అన్నింటిలోను ఒక సూత్రము సమానము: వలదన్న మాటకు శాసనబలము కలదు.

మనకు ఆశాజనకమైన దొకటి కలదు. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము వ్యక్తిగత గోప్యత ప్రాథమికహక్కని ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. దాని ననుసరించి 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము వెలువడినది. ఆ చట్టప్రకారము సమ్మతి స్వేచ్ఛగా, స్పష్టముగా, ఒక నిర్దిష్ట ప్రయోజనమునకే యుండవలెను. సమ్మతి యిచ్చుట యెంత సులభమో దానిని ఉపసంహరించుకొనుటయు అంత సులభముగా నుండవలెను. పదునెనిమిదేండ్లు నిండని పిల్లలను లక్ష్యముగా చేసికొని ప్రకటనలు గుప్పింపరాదు. నారాయణగూడ జూనియర్ కాలేజీల విద్యార్థులలో అనేకులు ఈ వయస్సువారే. నియమావళి 2025 నవంబరులో ప్రకటితమైనది. ముఖ్యమైన బాధ్యతలు పదునెనిమిది నెలల పిదప అమలులోనికి వచ్చునట్లు అందు నిర్ణయించిరి. ఈ గడువు వర్తకులు తమ యింటిని చక్కబెట్టుకొనుటకు ఇచ్చినది. చేతనైనంతవఱకు దోచుకొనుటకు ఇచ్చినది కాదు.

ఆ చట్టములో మన తెలుగువారు ప్రత్యేకముగా గమనింపవలసిన అంశము కలదు. సమ్మతి కోరు పత్రమును ఇంగ్లీషులోగాని, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోనైనగాని చదువుకొను వీలు పౌరునకు కల్పింపవలెను. తెలుగు ఆ భాషలలో నొకటి. నేడు సమ్మతి యడుగుటయు ఇంగ్లీషులోనే, వలదనుటకు దారియు ఇంగ్లీషులోనే. వస్తువు నమ్మవలసి వచ్చినప్పుడు మాత్రము అంగడివానికి తెలుగు బాగుగా వచ్చును. "కొనండి, త్వరపడండి" అని పెద్దయక్షరములలో మన భాషలోనే వ్రాయును. అదే జాబు అట్టడుగున "అన్‌సబ్‌స్క్రయిబ్" అను మాట ఇంగ్లీషు లిపిలో నక్కి కూర్చుండును. కొనుమనుట తెలుగులో, వలదనుట పరభాషలో! ఈ పక్షపాతమును మనము సహింపరాదు. "ఈ జాబులు నాకు వలదు" అని తెలుగులో, కొనుమను మాట వ్రాసినంత పెద్దయక్షరములలో వ్రాయవలెను. రిటైరైన గుమాస్తాయు, మిల్లులో పనిచేసి విరమించిన కార్మికుడును, ఇంటిని నడుపు గృహిణియు ఎవరి సహాయమును లేకయే వలదని చెప్పగలుగవలెను.

ప్రకటనలతో బ్రతుకు పత్రికకు ఇట్లు వ్రాయు నర్హత యెట్లు గలదని కొందఱు వర్తకులు ప్రశ్నింపవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. ప్రకటన పాపమని మే మనలేదు. కవాడిగూడలో క్రొత్తగా అంగడి తెఱచినవాడు, తన సరకు ఉన్నదని నలుగురికి చెప్పుకొనక బ్రతుకలేడు. కాని పత్రికలోని ప్రకటనను పాఠకుడు పుట త్రిప్పి వదలివేయగలడు. అది అతని వెంట ఇంటింటికి, ఊరూరికి పోదు. పత్రికనే వలదనుకొన్నవాడు మొదట మేము చెప్పినట్లు ఒక్కమాటతో మానిపింపగలడు. ఆ మాట వినుట మాకు నష్టమే. ఐనను వినుచున్నాము. వలదన్నవాని గడపలో పత్రిక పడవేసినంతమాత్రమున అతడు చదువడు. మా పేరు తిట్టుకొనుచు పొరుగువారికి గూడ వలదని చెప్పును.

చిన్నవర్తకుల తరఫున గూడ ఈ మాట చెప్పుచున్నాము. తన పాతకొనుగోలుదారులు రెండువందలమందికి క్రొత్త పుస్తకము వచ్చినదని వినయముతో వ్రాయు పుస్తకవిక్రేతకును, లక్షలకొలది పేర్లు కొని గ్రుడ్డిగా వెదచల్లు మోసగానికిని, విసిగిపోయిన పాఠకుని కంటికి భేదము కనబడదు. రెంటిని ఒకే మీటతో నొక్కివేయును. దుర్మార్గుని పాపమునకు సన్మార్గుడు శిక్ష ననుభవించుచున్నాడు. కావున వలదను హక్కును గట్టిపఱచుట వర్తకమునకు శత్రుత్వము కాదు, న్యాయవర్తకమునకు రక్ష. ప్రతివర్తకుడును తన పట్టికను సంవత్సరమున కొకమాఱు తూర్పాఱబట్టవలెను. ఆఱునెలలుగా తెఱచియు చూడనివానికి, "మా జాబులు మీకు ఇంకను కావలెనా" అని ఒక్కమాఱు వ్రాయవలెను. బదులు రానిచో పేరు తీసివేయవలెను. పొల్లు పోయినంతమాత్రమున గింజ తఱుగదు.

పాఠకులకును కర్తవ్యము కలదు. ఎఱిగిన సంస్థనుండి వచ్చు జాబు వలదనుకొన్నచో ముందు వీడ్కోలు మీట నొక్కుడు. న్యాయవర్తకునకు అది చాలును. అప్పటికిని మానకున్నచో ఫిర్యాదు మీట నొక్కుటకు సంకోచింపవలదు. ఎఱుగని చోటినుండి వచ్చినదైనచో దానిలోని ఏ మీటయు నొక్కవలదు. నొక్కినచో ఈ చిరునామాలో మనుష్యుడు కలడని దొంగకు చెప్పినట్లగును. అట్టిదానిని తెఱవకయే స్పామ్ అని గుర్తించి విడువుడు. ఫోను పీడకు 1909, మోసపోయి పైకము పోగొట్టుకొన్నచో తక్షణము 1930 - ఈ రెండు సంఖ్యలను ఇంటివారందఱును కంఠస్థము చేయవలెను. ఉచితపాఠమునకు పోవు విద్యార్థి, కాగితము వ్రాయుటకు ముందు, "ఇది దేనికి? ఎవరికిత్తురు?" అని అడుగుటకు సిగ్గుపడరాదు. ఉద్యోగపు దరఖాస్తులకు ఒక చిరునామా, అంగడులకు మఱియొక చిరునామా ఉంచుకొనుట వివేకము.

ప్రభుత్వమును మేము కోరునవి మూడు. ఈ-మెయిలు ప్రచారమునకు గూడ, ఫోను సందేశములకున్నట్లే, వలదన్న మాట చెల్లునట్లు స్పష్టమైన శాసనము కావలెను. వాక్స్వాతంత్ర్యమునకు హాని కలుగకుండ అది వర్తకప్రచారమునకే పరిమితము కావలెను. పేర్ల పట్టికలను అమ్మినవానితోపాటు తెలిసి కొన్నవానిని గూడ శిక్షింపవలెను. వలదనుటకు దారి తెలుగులోను, తక్కిన దేశభాషలలోను తప్పక ఉండవలెను. కవాడిగూడలోనే సీజీఓ టవర్స్ అను కేంద్రప్రభుత్వ కార్యాలయముల సౌధము కలదు. మా మొఱ ఢిల్లీకి పోవుటకు ముందు మా వీధిలోని ఆ సౌధమునందలి అధికారుల చెవినైనను పడుననుకొనుచున్నాము. అశోకనగరపు శిక్షణసంస్థలవారికి మాత్రము శాసనము వచ్చువఱకు వేచియుండ బనిలేదు. వారి బ్రతుకు ఆ పిల్లల విశ్వాసముమీద నిలిచియున్నది. తమ జాబులలో వీడ్కోలు తలుపును నేడే పెద్దది చేయుదురుగాక.

సమ్మతి యనునది ఒక్కమాఱు పుచ్చుకొని దాచుకొను వస్తువు కాదు. ఇచ్చినవాడు ఎప్పుడైనను తిరిగి తీసికొనగలిగినప్పుడే అది సమ్మతి యగును. కాదనలేని యౌను నిజమైన యౌను కాదు. పత్రిక వేయు బాలునకు తెలిసిన ఈ ధర్మము కోట్ల వ్యాపారము చేయు సంస్థలకు తెలియదనుటకు వీలులేదు. వారికి తెలియును, కాని వినవలెనని వారికి తోచుట లేదు. తోచునట్లు చేయుట ప్రభుత్వముయొక్కయు, మనయొక్కయు పని.